అత్త కోయించిన సీటు

అత్త పోయిందని మడకశిర నుంచి ఆమె కూతురు, మా వదిన, ఫోన్ చేసింది. నాయన పెరట్లో పళ్ళు తోముకుంటున్నాడు, ఫోన్ నేనే తీశాను. వదిన ఏడవలేదు. "మామకు నువ్వే చెప్పు పాపా, నాకు నోరు రావడంల్యా," అంది. ఎవరికైనా ఏదైనా చెప్పడం నాకు మొదటినుంచీ కష్టం. పెరట్లోకి వెళ్ళి నిలబడ్డాను. నాయన నా మొహం చూసి, నోట్లో నీళ్ళు ఉమ్మేసి, "అక్కనా?" అన్నాడు. నేను చెప్పాల్సిన పని లేకపోయింది.

ఆమె నాయనకు అక్క, నాకు మేనత్త. ధర్మవరంలో ఉండేది. మగ్గాల వాళ్ళ దగ్గర పట్టుచీరలు తీసుకుని పెనుకొండలోనూ హిందూపురంలోనూ తెలిసిన ఇళ్ళకు, అంగళ్ళకు ఇచ్చేది. ఆ పని చేసే ఆడవాళ్ళు ధర్మవరంలో ఇంకా ఉన్నారు. మోటారుసైకిల్ మీద తిరిగి చేసిన మనిషిని మాత్రం నేను ఆమెనొక్కదాన్నే చూశాను. ఇప్పుడు ఆమెను తలచుకుంటే ముందుగా ఆ బండి చప్పుడే వినిపిస్తుంది. ఆమె మొహం తర్వాత వస్తుంది.

బండి నిజానికి మామది, అంటే అత్త భర్తది. కొన్న రోజు నుంచే ఆయన దాన్ని అమ్మే రోజు కోసం కాపాడాడు. సీటు మీది ప్లాస్టిక్ కవరు తనంతట తాను చినిగేదాకా తీయలేదు. ట్యాంకుకు గీతలు పడతాయని తాళంచెవికి గుత్తి తగిలించనిచ్చేవాడు కాదు. వీధిలో ఎవరైనా పొడుగు హ్యాండిల్ వేయించినా, సైలెన్సర్ మార్పించినా, "రేపు ఎవురు కొంటారబ్బా దాన్ని?" అని జాలిపడేవాడు. ఆయన దృష్టిలో బండి ఎప్పుడూ తర్వాత కొనబోయేవాడిదే. దాన్ని పాడుచేయకుండా వాడి చేతికి అప్పగించడం తన పని. ఆ కొనబోయేవాడు రాకముందే మామ గుండెపోటుతో పోయాడు. బండి టార్పాలిన్ కింద ఉండిపోయింది.

గీత కూడా పడని బండి, ఇప్పుడైతే మంచి ధర వస్తుంది, అమ్మేయమని అందరూ చెప్పారు. అత్త అప్పటికి బస్సుల్లో చీరల మూట మోస్తూ తిరుగుతోంది. కూర్చోవడానికి చోటు దొరికితే మూటకు దొరకదు. మూట మీద ఎవరో ఒకరు కూర్చుంటారు. చీర మడత నలిగితే అంగడివాళ్ళు మొహం తిప్పుకుంటారు. ఆమె బండిని అమ్మలేదు. రైల్వే గోడ పక్కనున్న ఖాళీ స్థలంలో తోలడం నేర్చుకుంది. ఆమె పొట్టి మనిషి. బండి ఆపినప్పుడల్లా కాలి మునివేళ్ళు మాత్రమే నేలకు తగిలేవి, బండి ఒరిగిపోయేది. రెండుసార్లు పడింది. మూడోసారి పడలేదు, హిందూపురంలో సీట్లు కుట్టే ఆయన దగ్గరికి పోయింది.

ఆ రోజు నేను ఆమెతో ఉన్నాను. అప్పుడు హిందూపురం కాన్వెంటు హాస్టల్లో చదువుతున్నాను. శనివారాలు నన్ను పెనుకొండలో మా ఇంటికి తీసుకుపోవడం ఆమె వంతు. సీటు కుట్టే ఆయన స్పాంజి మీద సుద్దముక్కతో గీత గీసి, కత్తి చేతిలో పట్టుకుని, ఇది కోస్తే మళ్ళీ అతకదని, అమ్మేటప్పుడు బాధపడాల్సి వస్తుందని ఓపికగా చెప్పాడు. అత్త నా చెవి దగ్గరికి వంగి, "మీ మామే వచ్చి ఈయనతో చెప్పిస్తాండాడే," అంది. తర్వాత అతనితో, "కోయప్పా," అంది. కోసి తీసిన స్పాంజిని పారేయనీయలేదు. ఇంటికి పట్టుకుపోయి, పక్కింటి మగ్గం గుంట దగ్గర నేసే ఆమె కూర్చునే పలక మీద వేసి వచ్చింది.

సీటు తర్వాత హ్యాండిల్ మారింది, ఆమె చేతులకు అందేంత దగ్గరికి వచ్చింది. ఎడమ పక్కన ఇనుప చట్రం ఒకటి వెల్డింగ్ చేయించి, దానికి సైకిలు ట్యూబు చుట్టి, లోపల పాత బొంత ముక్క కుట్టింది. అందులో చీరలు నలగకుండా పడుకునేవి. నాయన ఆ బండిని చూసిన రోజు కోసిన సీటు మీద చెయ్యి పెట్టి చూశాడు. "బావ పానంగా చూసుకున్న బండిని ఇట్ల చేసినావు. ఇంగ దీనికి యాడ ధర వస్తాదక్కా?" అన్నాడు.

"మీ బావ దాన్ని చూసుకున్నాడు. నేను తోలుకుంటాండా," అంది అత్త.

ఆమె చుడీదారు వేసుకుని, పైన మామ ఫుల్‌హ్యాండ్స్ చొక్కా తొడుక్కుని వచ్చేది. పట్టుచీరలు అమ్మే మనిషి తాను చీర కట్టదేమని ఒక ఇంటావిడ వెక్కిరించింది. జిలేబీలు అమ్మే ఆయన దినమ్మూ జిలేబీలే తింటాడా అని అత్త అడిగింది. ఆవిడ నవ్వి, ఆ రోజు చీర కొంది. అత్త బేరాలు చాలావరకు ఇట్లాగే తెగేవి.

మా ఇంటి ముందు ఆగితే ముందు చీరలను నీడకు చేర్చేది, తర్వాత తాను నీడకు వచ్చేది. ఎండాకాలంలో నన్ను ఎక్కించుకునే ముందు సీటు మీద నీళ్ళు చల్లి, చున్నీతో తుడిచి, "కూచో, పెనం చల్లారింది," అనేది. దారిలో నన్ను మాట్లాడించేది కాదు. ఇంటికి వచ్చే చుట్టాలందరూ ఈ పిల్లకు నోట్లో నాలుక లేదా అని అడిగేవాళ్ళు. అత్త ఒక్కసారి కూడా అడగలేదు. ఆమె వెనక కూర్చుంటే మాట్లాడకపోవడం తప్పులాగా ఉండేది కాదు. గాలికి ఎలాగూ ఏమీ వినపడదు. పెనుకొండ కొండ కనిపించేసరికి ఆమె ఒకసారి ఎడమ చేత్తో నా మోకాలు తట్టేది. వచ్చేసినామని దాని అర్థం.

కాలు నేలకానితే సగం భయం పోతాదని ఆమె తరచూ అనేది. నేను కాలేజీ లైబ్రరీలో ఉద్యోగానికి ఇంటర్వ్యూకు వెళ్తుంటే కూడా అదే చెప్పింది: కుర్చీ ఎత్తుగా ఉంటే ముందుకు జరిగి కూర్చో, రెండు పాదాలూ నేల మీద పెట్టి అప్పుడు నోరు తెరువు. నేను అట్లాగే కూర్చున్నాను. ఉద్యోగం వచ్చింది.

పోయిన ఏడాది ఆమె వెన్నుపూస అరిగిందని, ఇక బండి ఎక్కొద్దని డాక్టరు చెప్పాడు. వెనక కూర్చోవచ్చా అని ఆమె అడిగింది. అదీ వద్దన్నాడు. ఆ తర్వాత కిడ్నీల సంగతి కూడా బయటపడింది. మంచం మీద కూర్చుని ఆమె నాయనతో ఒకే ఒక మాట చెప్పింది. "నేను పోయినాక దీన్ని పాత సామాన్లోనికి తూకానికి వేస్తారు. నేనుండంగానే తోలేవాళ్ళ చేతికి పోవల్ల."

అప్పటినుంచి మా ముగ్గురికీ అదే పని అయింది.

మొదట హిందూపురంలో పాత బండ్లు అమ్మిపెట్టే బ్రోకరు దగ్గరికి పోయాము. నాయన పొడుగు మనిషి. ధర్మవరం నుంచి మోకాళ్ళు హ్యాండిల్‌కు కొట్టుకుంటూ ఆ బండి తోలుకొచ్చాడు. వద్దన్నా వినకుండా అత్త నాతో బస్సులో వచ్చింది. బ్రోకరు బండి చుట్టూ తిరిగాడు. ఇంజను చప్పుడు విని బాగుందన్నాడు. ఆ తర్వాత సీటు దగ్గర ఆగి ధర కొంత తగ్గించాడు, హ్యాండిల్ దగ్గర ఇంకొంత, చట్రం కోసం వేసిన బెజ్జాలు చూసి ఇంకొంత. ఇట్లాంటి బండిని పోలీసులు ఆపుతారని, పేరు మార్పించేటప్పుడు బ్రేకు ఇన్‌స్పెక్టరు కూడా అడుగుతాడని చెప్పాడు. ఆయన చెప్పినవేవీ అబద్ధాలు కావు. చివరికి, "ఒరిజినల్ కాదు కదమ్మా," అన్నాడు.

అత్త అతని వైపు తేరిపార చూసింది. "నువ్వు ఒరిజినలేనాప్పా? జుట్టుకు రంగేసినావు, ముందుపన్ను కట్టించుకున్నావు. నీకేమన్నా ధర తగ్గించినారా ఇంట్లో?"

అతను పడిపడి నవ్వాడు. మాకు టీ తెప్పించాడు. ధర మాత్రం పెంచలేదు. కావాలంటే ఇంజను వరకు తాను తీసుకుంటానని, మిగతాది విప్పి వేరేగా అమ్ముకుంటానని చెప్పాడు. అత్త టీ గ్లాసు కింద పెట్టి లేచింది.

ధర్మవరం మెకానిక్కు వేరే దారి చెప్పాడు. కంపెనీ సీటు, కంపెనీ హ్యాండిల్ వేసి, చట్రం విప్పేసి, బెజ్జాలు పూడ్చి రంగు కొడితే కొనేవాళ్ళు వస్తారన్నాడు. అందరూ అమ్మే ముందు చేసే పనే అది. అత్త సరేనంది. అతను షాపు నుంచి సీటు, హ్యాండిల్ తెచ్చి బిగించాడు. బండి మామ కాలంలో ఉన్నట్టు అయింది. అత్త మెల్లగా వచ్చి, ఊరికే ఒకసారి కూర్చుంటానంది. వెన్ను నొప్పి అని మేము వారించేలోపే ఎక్కింది. పాదాలు గాల్లో వెతుక్కున్నాయి. బండి ఒరిగింది. మెకానిక్కు అటువైపు నుంచి పట్టుకున్నాడు. అత్తే నవ్వింది.

"ఇది మీ మామ బండి," అంది నాతో. "నాది యాడికో పోయినాది."

సాయంత్రానికి మెకానిక్కు చేత మళ్ళీ పాత సీటూ హ్యాండిలూ వేయించింది. చట్రాన్ని ఇంకా విప్పనేలేదు.

అప్పుడు ఆన్‌లైన్లో ప్రకటన పెట్టే పని నాకు పడింది. 'బండి మంచి కండిషన్లో ఉంది' అని రాసి ఆమెకు చదివి వినిపించాను. ఆ మాట అందరూ రాస్తారంది. సీటు కోసిందని రాయి, హ్యాండిల్ మార్చిందని రాయి, పొట్టోళ్ళకు పనికొస్తాదని రాయి అంది. 'ఎత్తు తక్కువగా ఉన్నవారికి అనుకూలంగా ఉంటుంది' అని రాశాను.

"పొట్టోళ్ళకు అంత పొడుగు మాటేమిటికి?" అంది.

'పొట్టివాళ్ళకు బాగుంటుంది' అని మార్చాను. ఫోన్ నంబరు నాదే వేయించింది. తనకు మందుల మత్తు ఉంటుందని కారణం చెప్పింది. రోజూ ఫోన్లు వచ్చేవి. లైబ్రరీ వెనక మెట్ల మీద నిలబడి మాట్లాడేదాన్ని. ఎక్కువమంది ధర అడిగి, కోసిన సీటు అనగానే పెట్టేసేవాళ్ళు. కొందరు దాన్ని రేసు బండిగా మార్చుకోవచ్చా అని అడిగేవాళ్ళు. అత్త పక్క మీద నుంచి ప్రతి సాయంత్రం, ఎవరన్నా అడిగినారా అని ఫోన్లో కనుక్కునేది. ఆమె గొంతు వారం వారం సన్నబడింది.

నల్లమాడ నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసింది. ఊళ్ళు తిరిగి గొర్రెలకు, ఆవులకు సూదులు వేసే ఉద్యోగం. ఆమె ధర అడగలేదు. "సీటు యంత ఎత్తుంటాదక్కా?" అని అడిగింది. కొలత నాకు తెలియదు. మా అత్త నా భుజం దాకా వస్తుందని, ఆమెకు రెండు పాదాలూ పూర్తిగా ఆనతాయని చెప్పాను. "అట్లయితే వస్తాండాం," అంది.

వాళ్ళ నాయనతో కలిసి వచ్చింది. అత్త గోడ పట్టుకుంటూ వాకిట్లోకి వచ్చి నిలబడింది. ఆ అమ్మాయి బండి ఎక్కింది. అత్త ఆమె మొహం చూడలేదు, కాళ్ళే చూసింది. రెండు మడమలూ నేలకు దిగాయి. తర్వాత ఆ అమ్మాయి దిగి, తాను తెచ్చిన మందుల ఐసు పెట్టెను చట్రంలో పెట్టి చూసింది. కొంచెం వదులుగా ఉంది. బొంత ఇంకో మడత వేస్తే సరిపోతుందని అత్త చెప్పింది.

వాళ్ళ నాయన మాత్రం బెజ్జాల దగ్గరే ఆగిపోయాడు. "మార్పులు చేసిన బండి పాపా ఇది. రేపు మనం అమ్మల్లంటే ఎవురు కొంటారు?"

"అమ్మేదానికి కొంటాండామా నాయనా, తోలేదానికా?" అంది ఆ అమ్మాయి, విసుగు లేకుండా, నిజంగానే అడుగుతున్నట్టు.

అత్త చున్నీతో మొహం తుడుచుకుంది. ధర సంగతి మా నాయన, వాళ్ళ నాయన మాట్లాడుకున్నారు. మార్పులు కాగితాల్లో రాయించే బాధ్యత వాళ్ళు తీసుకున్నారు. ఎండలో ఆపితే సీటు మీద నీళ్ళు చల్లుకోమని అత్త చెప్పింది. ఆ అమ్మాయి తలూపి, వాళ్ళ నాయనను వెనక ఎక్కించుకుని బయల్దేరింది.

బండి సందు మలుపు తిరిగింది. ఇక లోపలికి పడుకోవడానికి రమ్మని నాయన అత్త చెయ్యి పట్టుకున్నాడు. ఆమె కదల్లేదు. తల కొంచెం వంచి వింటోంది. "రెండో గేరు," అంది. స్పీడ్ బ్రేకరు దగ్గర చప్పుడు తగ్గి మళ్ళీ లేచింది. "మూడు." అది మాకు కూడా వినిపించింది. ఆ తర్వాత పక్కింటి మగ్గం చప్పుడు తప్ప నాకు ఏమీ వినపడలేదు. నాయన నావైపు చూశాడు. అత్త ఇంకా వింటూనే ఉంది. చెప్పులేని ఆమె ఎడమకాలి మునివేళ్ళు కాసేపటికి మెల్లగా నేలను నొక్కాయి.

"నాలుగు," అంది.