రోజుకు రెండు ఎర్ర మాత్రలు

నేను రిటైరు కావడానికి మూడేళ్ల ముందు, ఆషాఢ మాసంలో, నన్ను కోలారు జిల్లాలోనే ఆండర్సన్‌పేట నుంచి బైరకూరు వైపు పల్లెలకు బదిలీ చేశారు. హోదా లేడీ హెల్త్ విజిటర్. అంటే ఊళ్లు తిరిగే నర్సమ్మల పని సరిచూసే మనిషిని. ముప్పై ఏళ్ల సర్వీసు ఉందన్న గీర కూడా కొంచెం ఉండేది. దాన్ని దించింది మంజుల అనే ఆరో నెల గర్భిణి.

మంజుల హిమోగ్లోబిన్ ఎనిమిది. పదకొండు ఉండాలి. ఏడు కంటే దిగితే కాన్పులో ఏ కాస్త రక్తం పోయినా ప్రాణం మీదికి వస్తుంది. నిబంధన ప్రకారం రోజుకు రెండు ఇనుము మాత్రలు, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి ఇచ్చాం. నెల తర్వాత చూస్తే ఏడున్నర. ఆ పై నెల ఏడు.

నాకు ఏమీ అంతుపట్టలేదు. పారేస్తున్నదేమోనని మాత్రల ఖాళీ పట్టీలు తెమ్మన్నాను. లెక్క సరిపోయింది. ఇనుము మింగేవాళ్లకు విరేచనం నల్లగా అవుతుంది, మాకది గుర్తు. అడిగితే సిగ్గుపడుతూ అవునంది. టీతో మింగుతున్నావా అంటే లేదంది. నులిపురుగుల మందు వేశాం. మా రక్తం చూసే యంత్రాన్ని అనుమానించి తాలూకా ల్యాబుకు రక్తం పంపితే అక్కడా ఏడే. చివరికి ఆడలేక మద్దెల ఓడన్నట్టు మా నర్సమ్మను కసిరాను. పాపం, ఆమె తప్పేమీ లేదు.

ఒకరోజు పొద్దున్నే మంజుల ఇంటికే వెళ్లాను. పట్టుపురుగులు గూడు కట్టే ముందు తెగ మేసే రోజులవి. ఇంటిల్లిపాదీ వాటికి మల్బరీ ఆకు వేస్తున్నారు. మంజుల ఆడబిడ్డ రూప మాత్రం గోడకు ఆనుకుని కూర్చుంది. పదహారేళ్ల పిల్ల, తొమ్మిదో తరగతితో బడి మానేసింది. అలవాటుకొద్దీ కనురెప్ప లాగి చూస్తే తెల్లగా పాలిపోయి ఉంది. నాలుక చాపమంటే, దాని మీద మాత్ర పైపూత ఎర్రరంగు.

నేను నోరు తెరిచేలోగా మంజుల అడ్డం వచ్చింది.

"దాన్ని అరవద్దమ్మా, నేనే ఇచ్చినాను. నాకు రెండిస్తిరి, దానికి ఒగటీ లేదు. ఆకు మోపు ఎత్తితే తల తిరిగి పడతా ఉండాది. ఇంగ నేనేం చేసేదమ్మా?"

విరేచనం నల్లబడడానికి మంజుల మింగిన ఆ ఒక్క మాత్ర చాలు. బడిలో ఉంటే రూపకు వారం వారం మాత్ర అందేది. బడి మానిన పిల్లల్ని వెదికి ఇవ్వాలని కాగితంలో ఉంది. మాలో వెదికినవాళ్లు లేరు. అక్కడే రూప రక్తం చూశాను. ఆరున్నర. గర్భిణి కంటే తక్కువ. నాకు సిగ్గేసింది.

ఇద్దరినీ ఒకే బండిలో కోలారు ఆసుపత్రికి పంపాను. ఇద్దరికీ నరం ద్వారా ఇనుము మందు ఎక్కించారు. మంజులకు నెలలు నిండాకే కాన్పయింది. బిడ్డ రెండుంపావు కిలోలు.

మూడు నెలలు నేను అడిగిన ప్రశ్నలన్నీ మంజుల ఒక్కదాని గురించే. ఆ తర్వాత సర్వీసు ఉన్నన్నాళ్లూ ఏ గర్భిణి ఇంటికి వెళ్లినా, మాత్ర మింగావా అనే ముందు, ఈ ఇంట్లో ఇంకెవరికి తల తిరుగుతోంది అని అడిగేదాన్ని. ఎవరికీ లేదన్న ఇళ్లు తక్కువ.