గబ్బిలం దూరిన సాయంత్రం

మా చిన్నప్పుడు... ఆళ్లగడ్డలో మా మిద్దె వసారాలో, కరెంటు తీగ మీద పికిలిపిట్ట గూడు కట్టింది. ఇక చూడండి దాని భోగం... ఫ్యాను వేయకూడదు, బూజు దులపకూడదు. పిట్ట గూడు కడితే ఇంటికి కలిసొస్తుందని మా అవ్వ నమ్మకం.

అదే అవ్వకు గబ్బిలం పేరెత్తితే ఒళ్లు మంట. అది దూరిన ఇంట్లో బాలింత, బిడ్డ ఉండకూడదు... అంతే. పెరట్లో జామపండును పికిలిపిట్ట పొడిస్తే మురిసిపోయేది. గబ్బిలం కొరికితే పేడకుప్పలోకి విసిరేది. ఏం న్యాయమో.

ఆ వానాకాలం అక్క కాన్పుకు వచ్చింది. బిడ్డ నెల ముందే పుట్టాడు... పిడికెడంత. చలిగాలి తగలనీయొద్దని నంద్యాల డాక్టరమ్మ గట్టిగా చెప్పి పంపింది.

ఒకరోజు దీపాలు పెట్టే వేళ, బయట ముసురు... తెరిచిన తలుపులోంచి గబ్బిలం నేరుగా అక్క గదిలోకే వచ్చింది.

"లెయ్ మే, బిడ్డనెత్తుకో. సంజామలకు పోదాం, మీ పిన్నమ్మింటికి," అంది అవ్వ.

"ఈ వానలో యాడికి అత్తా? బిడ్డ బతకల్లా వద్దా?" అంది అమ్మ.

అవ్వ వింటేగా... నాయన జీపుకు కబురు పంపాడు. అది వచ్చేలోపు గబ్బిలాన్ని వెళ్లగొడితే ప్రయాణం తప్పుతుందేమోనని మా ఆశ.

అంతకుముందు ఒక మధ్యాహ్నం పికిలిపిట్ట లోపలికొస్తే, కిటికీలు బార్లా తెరిచాం... వెలుతురు చూసి తుర్రుమంది. ఆ తెలివితోనే ఇప్పుడూ ఉన్న లైట్లన్నీ వేశాం, టార్చి కొట్టాం. గబ్బిలం వెర్రెత్తినట్టు అక్క మంచం చుట్టూ తిరగసాగింది. బిడ్డ ఏడుపు అందుకున్నాడు.

"లైట్లు ఆర్పు నాయనా," అంది అక్క, బిడ్డ మీదికి వంగి. "అది పిట్ట కాదు. వెలుగుకు బెదురుతాండాది."

ఆర్పేశాం. చీకట్లో రెక్కల గాలి నా చెంపకు తగిలింది. బిడ్డ ఏడుపు ఉన్నట్టుండి ఆగిపోయింది... నా పైప్రాణాలు పైనే పోయాయి.

"బయటికి పోయినట్టుండాది," అన్నాడు నాయన కాసేపటికి.

లైటు వేస్తే బిడ్డ అవ్వ ఒళ్లో ఉన్నాడు. చీకట్లోనే అక్క చేతుల్లోంచి తీసుకుందట. కొంగు నిండా కప్పి, గదికి వీపు అడ్డంపెట్టి, గోడవైపు తిరిగి కూర్చుంది. వాడు ఆమె వేలు చీకుతున్నాడు.

బయట జీపు హారను మోగింది.

"ఏందీ చూస్తాండావ్?" అంది అవ్వ నాయనతో. "జీపును పొమ్మను. బిడ్డకు చలి."

ఇప్పుడు నంద్యాలలో మా ఫ్లాటు కిటికీలన్నిటికీ జాలీలు... పిట్టా రాదు, గబ్బిలమూ రాదు. మొన్న నా కొడుక్కి జ్వరమొచ్చిన సాయంత్రం, వాడిని కొంగులో దాచుకునే అవ్వ లేదని ఏడుపొచ్చింది. మీ ఇంట్లోనూ ఇలాంటి మొండి అవ్వ ఉండేదా... ఉంటే ఆమె గురించి రాయండి, చదువుకుంటాను.