గోటి కింద నల్లగీత

మా అక్క కొత్తపేటలో జాకెట్లు కుట్టేది. నాకంటే ఆరేళ్ళు పెద్దది. నేను అక్కడికి రెండు వీధుల అవతల ఉంటూ ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు చెప్పేదాన్ని. సాయంత్రం స్కూలు వదలగానే నేరుగా వాళ్ళింటికి వెళ్ళి, మిషను పక్కన కూర్చుని హుక్కులు కుట్టిపెట్టడం నాకలవాటు. వాళ్ళకి పిల్లల్లేరు. బావగారు రైసుమిల్లు నుంచి వచ్చేదాకా ఇద్దరం కబుర్లాడుకునేవాళ్ళం.

ఆ గీతని మొదట చూసింది నేనే. అక్క కుడిచేతి బొటనవేలి గోటి మీద, మొదలు నుంచి చివరిదాకా నల్లదారం పరిచినట్టు సన్నగా ఉంది.

"ఏంటక్కా ఇది?"

"సూది దిగుంటుందే. ఎప్పుడు దిగిందో కూడా గుర్తులేదు" అంది, కత్తెర ఆపకుండా.

దెబ్బ తగిలిన నలుపైతే గోరు పెరిగేకొద్దీ ముందుకు జరిగి పోవాలి. సైన్సు టీచర్నయ్యుండీ ఆ సంగతి నాకు తట్టలేదు.

ఆ ఆషాఢంలో గోరింటాకు రుబ్బి అక్కకి నేనే పెట్టాను. అప్పటికి గీత వెడల్పయింది. "బొటనవేలికి దట్టంగా పెట్టవే, ఆ నలుపు కనబడకుండా" అంటే రెండుసార్లు అద్దాను. ఎర్రగా పండింది. చూసుకుని ఇద్దరం మురిసిపోయాం. ఆ ఎరుపు వదిలేసరికి దీపావళి దాటింది. అన్ని నెలలు ఆ గోటిని ఎవరూ పట్టించుకోలేదు.

తరవాత గోరు నిలువునా చీలింది. నలుపు గోటి మొదట్లో చర్మంలోకి పాకింది. కాస్త కాస్త రసి కారేది. చూసినవాళ్ళందరూ గోరుచుట్టు అన్నారు. అక్క వేలికి నిమ్మకాయ తొడిగింది, పసుపు పెట్టింది, మందులషాపులో ఇచ్చిన ఆయింట్‌మెంటు రాసింది. బావగారు, "ఈ పెళ్ళిళ్ళ సీజను అవనీ, రాజమండ్రిలో చూపిద్దాం" అన్నారు. అక్కా అదే అంది. నేనూ సరేనన్నాను. నొప్పి లేదు కదా అని మా ముగ్గురికీ ధైర్యం.

మాఘమాసం వెళ్ళాక రాజమండ్రిలో చర్మవ్యాధుల డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాం. ఆవిడ లైటున్న చిన్న భూతద్దంతో గోటిని చాలాసేపు చూశారు. తరవాత అక్క చెయ్యెత్తించి చంక కింద నొక్కి చూశారు. వేలికి జబ్బయితే చంక ఎందుకు చూస్తున్నారో నాకర్థం కాలేదు. చిన్న ముక్క కోసి పరీక్షకి పంపారు.

మళ్ళీ వెళ్ళినప్పుడు రిపోర్టు చేత్తో పట్టుకుని మెల్లగా చెప్పారు. "మెలనోమా అంటారమ్మా దీన్ని. చర్మానికొచ్చే క్యాన్సర్లలో మొండిది."

అక్క వెంటనే అంది. "నేను ఎండలో పనిచేసేదాన్ని కాదండీ. నీడపట్టున కూర్చుని కుట్టుకుంటాను. నాకెందుకొస్తుందండీ?"

"ఇది ఎండ వల్ల వచ్చే రకం కాదమ్మా. మన రంగువాళ్ళకి అరికాల్లోనో, అరచేతిలోనో, ఇలా గోటి కిందో వస్తుంది. గోళ్ళ మీద నల్లగీతలు చాలామందికి ఉంటాయి, అన్నీ ఇది కావు. ఒక్క గోటికే వచ్చి, వెడల్పవుతూ, చర్మంలోకి పాకితే మాత్రం ఆగకుండా చూపించుకోవాలి."

"వేలు ఉంటుందా అండీ?"

ఆవిడ తల అడ్డంగా ఊపారు.

తిరుగు బస్సులో అక్క ఆ చేతిని పమిటచెంగులో చుట్టుకుని కూర్చుంది. రావులపాలెంలో బస్సు మారే ముందు, "కత్తెర పట్టాలంటే బొటనవేలే కదే" అంది.

వైజాగులో ఆపరేషను చేసి ఆ వేలు తీసేశారు. చంకలో గడ్డలు కూడా తీశారు. వాటిలోకి అప్పటికే పాకిందన్నారు. మూడు వారాలకోసారి ఎక్కించే మందు మొదలుపెట్టారు. ఒంట్లోని శక్తినే జబ్బు మీదికి లేపే మందని చెప్పారు. కొన్నాళ్ళు పనిచేసింది. స్కానింగులో కొత్తగా ఏమీ లేదన్న రోజున అక్క వైజాగు నుంచే నాకు ఫోన్ చేసి, "ఎడంచేతి కత్తెర దొరుకుతుందేమో కనుక్కోవే" అంది.

దొరికింది. అక్క పాత పేపర్ల మీద జాకెట్టు చేతులు గీసి, ఎడంచేత్తో కత్తిరించడం మొదలుపెట్టింది. పేపరు కదలకుండా బావగారు రెండువైపులా పట్టుకునేవారు. అంచు వంకరపోతే, "మీరు కదిపారండీ" అని ఆయన్ని కసిరేది. "నేనే కదిపానులే" అనేవారాయన. పేపర్ల తరవాత చీరలంచుల ముక్కల మీద సాధన చేసింది. ఒక్క జాకెట్టు పూర్తిగా కుట్టి, నాకిచ్చింది. భుజం దగ్గర కాస్త బిగుతు. బావుందని చెప్పాను.

వానాకాలం మొదలయ్యాక దగ్గు పట్టుకుంది. ఈసారి స్కానింగులో ఊపిరితిత్తుల్లో, కాలేయంలో మచ్చలు కనబడ్డాయి. మందు మార్చారు. అది అక్క ఒంటికి పడలేదు. ఇంటికి తీసుకెళ్ళి నొప్పి తెలియకుండా చూసుకోమన్నారు.

చివరి వారాల్లో నేను సెలవుపెట్టి దగ్గరే ఉన్నాను. ఒకరోజు తల దువ్వుతుంటే నా చెయ్యి పట్టుకుని, "మొదట్లోనే కాస్తయినా నొప్పెట్టుంటే వెళ్ళేదాన్నే" అంది. ఆ చేతిని తన ఒళ్ళో పెట్టి, జడ అల్లాను. నాలుగు రోజుల తరవాత, మధ్యాహ్నం, నేను గ్లూకోజు నీళ్ళు కలిపి తెచ్చేసరికి ఊపిరి ఆగిపోయింది. బావగారు అక్క పాదాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చునున్నారు. ఆయనకింకా తెలియలేదు. నేనే చెప్పాల్సి వచ్చింది.

పెద్దకర్మ అయ్యాక ఆయన రాత్రి భోజనానికి మా ఇంటికి వచ్చేవారు. ఒకరోజు అన్నం కలుపుతూ, తలెత్తకుండా అడిగారు.

"అమ్మాయ్, పెళ్ళిళ్ళ సీజను అవనీ అన్నాను కదా. దాని గురించి మీ అక్క నీతో ఏమన్నా అందా?"

"లేదు బావగారూ. ఒక్కసారి కూడా అనలేదు."

నిజమే చెప్పాను. ఆయన తల ఊపారు. కలిపిన ముద్ద మళ్ళీ కంచంలో పెట్టేశారు. తరవాత కంచంలోనే చెయ్యి కడిగేసుకుని, "వస్తానమ్మా" అని లేచి వెళ్ళిపోయారు.