ఒకే బండ కింద ఇద్దరు

నా చిన్నప్పటి బెల్లంపల్లిలో రెండు సైరన్లుండేవి. ఒకటి గనిది, రెండోది మా తాత గొంతు. రిటైరైన కార్మికుడాయన. పొద్దుటి షిఫ్టువాళ్లు చాయ్ హోటల్ ముందు చేరితే, ఉన్న ఒక్క పేపరునూ ఆయనే చదివి వినిపించేవాడు. ఆ గొంతుకు గోదావరి అవతలి బర్రెలు కూడా లేచి నిలబడేవని మా వాడంతా చెప్పుకునేది. వాడంతా అంటే, ఎక్కువగా నేనే.

ఆ ఏడు మున్సిపల్ ఎన్నికల్లో మా పక్కింటి అక్క నిలబడింది. పోటీ సారా కంట్రాక్టరు అల్లుడు. అతని బొమ్మ అంటించని గోడ లేదు. కాసేపు కదలకుండా నిలబడితే మనుషులకూ అంటించేవాళ్లు. ఇద్దరి తండ్రులూ ఒకే ఊరి నుంచి ఒకే రైల్లో బతకడానికొచ్చారు. ఒకే గనిలో దిగారు. పైకప్పు కూలిన రోజున ఒకే బండ కింద పోయారు.

పేపరు ఇద్దరి పుట్టుపూర్వోత్తరాలు రాసింది. అల్లుడి తండ్రి 'బొగ్గుగనికి ప్రాణమిచ్చిన త్యాగమూర్తి' అట. అక్క తండ్రి 'ఎక్కడినుంచో వచ్చి, అజాగ్రత్తతో చనిపోయిన కూలీ' అట. పక్కనే సగం పేజీ కంట్రాక్టరు ప్రకటన.

తాత ఉన్నదున్నట్టు చదివాడు. వింటున్నవాళ్లలో ఆ రెండు శవాలనూ పైకి మోసుకొచ్చినవాళ్లున్నారు. వాళ్లూ తలలూపారు.

"నిజమే గావచ్చు. జర సోయి లేకుండ పనిచేసేటోడు," అన్నాడొకడు.

ఆ రోజు తాత అన్నం ముట్టలేదు. మర్నాడు అదే వార్త మళ్లీ చదివాడు. ఈసారి అజాగ్రత్త అల్లుడి తండ్రిదైంది, త్యాగం అక్క తండ్రిదైంది.

నిన్న తలూపినవాడే చాయ్ గ్లాసు బల్లమీద కొట్టాడు. "ఎవడయా గిట్ల రాసింది? మీద బండ వడితే అజాగ్రత్తేంది? నేనే మోసుకొస్తి గదా!"

"నిన్నటి పేపరే బిడ్డా. పేర్లే నేను మార్చిన," అన్నాడు తాత. "నిన్న నీ భుజానికి యాదికి రాలేదా?"

అప్పుడు వెనక నుంచి అక్క వాళ్లమ్మ వచ్చింది. పాలకొచ్చి, గిన్నె పట్టుకుని అక్కడే నిలబడిపోయిందని ఎవరూ గమనించలేదు.

"మామా, మా ఆయన పేరు వెట్టి సదివినవు సూడు, త్యాగమని... గది ఇంకొక్కపారి సదువవా. గసొంటి మాట ఆయన మీద నేను ఎన్నడు ఇనలే."

తాత చదివాడు. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని వింది.

అక్క ఓడిపోయింది. పేపరు ఆ మాట దిద్దుకోనూ లేదు.

ఇప్పుడు ఎన్నికలొస్తే నా ఫోన్‌లో పొద్దున లేచేసరికి వంద పేపర్లు, వెయ్యి చానెళ్లు. ఎవరి పుట్టుక గురించి చదివినా, అవతలివాడి పేరు పెట్టి మరోసారి చదువుతాను. మొదటిసారి నవ్వుకుంటాను. రెండోసారి మాత్రం నా వెనక ఎవరో పాలగిన్నె పట్టుకుని వింటున్నట్టే ఉంటుంది.