సగం పియాలా పాట

పొద్దున్నే టీ నీళ్లు కాచే సమోవార్ రాజేశాక, టీ పోయకముందే, బుర్మకాన్ అక్క ఓ పుల్లకు దూది చుట్టి వోడ్కాలో ముంచి, పాత టేప్ రికార్డర్ లోపల టేపు రాసుకుపోయే ఇనుప ముక్కను తుడుస్తుంది. ఆ ఇంట్లో వోడ్కా ముట్టేది టేప్ రికార్డర్ ఒక్కటేనని మా కరాకోల్ ఊళ్లో, మా వీధిలో అందరూ నవ్వుతారు. అక్క కూడా నవ్వుతుంది.

ఆమె భర్త కాసిమాలి కనుమ దారుల్లో కొండరాళ్లు పేల్చే పని చేసేవాడు. సాయంత్రాలు గుడారాల దగ్గర మూడు తీగల కొముజ్ మీటుతూ పాడేవాడు. తోటి పనివాళ్లెవరో ఆ పాటలు టేపుల్లోకి ఎక్కించారు. ముసలితనంలో పక్షవాతం వచ్చి, కుడిచేతితోపాటు ఆయన మాట కూడా పోయింది. దాహమేస్తే నీళ్లు అనడానికి నోరు తిరిగేది కాదు. ఒకరోజు ఇల్లు సర్దుతూ అక్క పాత టేపు పెట్టింది. తన పడుచు గొంతు వినగానే ఆయన పెదవులు కదిలాయి. మాట రాని నోట పాట వచ్చింది. అప్పటినుంచి భార్యాభర్తలు రోజూ టేపుతో కలిసి పాడేవారు. పాటలోంచి ఒక్కొక్క మాటే ఊడి బయటికి రావడం మొదలైంది. గుర్రం. మంచు. అమ్మ.

మా ఇంట్లో పిల్లల గోలకు చదువు సాగక నేను పుస్తకాలు పట్టుకుని వాళ్లింటికి వెళ్లేదాన్ని. అందుకే ఇదంతా చూశాను.

టేపులు అరిగిపోతున్నాయి. ఒకటి తెగిపోయింది కూడా. ఆ పాటలో వచ్చిన మాటలు ఆయన నోటినుంచి మెల్లగా జారిపోవడం చూసి అక్క భయపడింది. రాజధాని బిష్కెక్‌లో ఉండే కూతురు ఐనాష్ ఆ పాటలన్నీ డిస్కుల్లోకి ఎక్కించి, ఒక జపాన్ ప్లేయర్ కొని, భర్త ఎమిల్‌తో కలిసి తెచ్చింది. ఎమిల్ ఉత్సాహంగా తీగ కొన కోసి, అయిదు ముళ్ల పాత ప్లగ్గు అతికించి, ఇంట్లో ఉన్న పాత యాంప్లిఫయర్‌కు గ్రామఫోను కోసం ఇచ్చిన రంధ్రంలో గుచ్చాడు. కొత్త పెట్టె ఏది వచ్చినా మా ఊళ్లో అందరూ చేసేది అదే. ప్లగ్గు పట్టిందంటే పని అయిపోయినట్టే.

మీట నొక్కగానే గది అదిరింది. కాసిమాలి పడుచు గొంతు పగిలి బరబరమంది. ఆయన ఎడమచేత్తో చెవి మూసుకుని గోడవైపు తిరిగిపోయాడు. వాల్యూమ్ తగ్గిస్తే అదే పగిలిన గొంతు చిన్నగా వినిపించింది. మర్నాడు టేపు పెట్టినా ఆయన నోరు విప్పలేదు. ఆ తర్వాతా అంతే. కొత్త పెట్టె ఎవరికైనా ఇచ్చేద్దామంది అక్క. టేపులన్నీ పోయాక ఏం చేస్తావని కూతురు అడిగింది.

చివరికి రేడియోలు బాగుచేసే జుమాకదిర్‌ను పిలిచారు. అతను కాసేపు విని, ప్లగ్గు పీకి చూసి నవ్వాడు.

"అక్కా, నీ అల్లుడికి మర్యాద నేర్పలేదు. అతిథికి పియాలా నిండా టీ పోశాడు."

మాలో అతిథికి పియాలాలో, అంటే టీ గిన్నెలో, సగమే పోస్తారు. నిండా పోస్తే ఇక లేచి వెళ్లమన్నట్టే.

"ఈ పాత రంధ్రానికి కొంచెం కొంచెం తాగడమే అలవాటు. కొత్త పెట్టె కుమ్మరిస్తోంది. ముందే పొర్లిపోయాక వాల్యూమ్ ఎంత తిప్పితే ఏం లాభం?"

"అత్తగారింట్లో కరెంటు కూడా కొలిచి పోయాలా బాబాయ్?" అని ఎమిల్ గొణిగాడు.

జుమాకదిర్ తీగ మధ్యలో ఒక చిన్న డబ్బా అతికించాడు. వచ్చే శబ్దాన్ని అది తగ్గించి పంపుతుంది. ఎంత తగ్గించాలన్నది దాని మీదున్న మరను తిప్పేదాన్ని బట్టి ఉంటుంది. అది మాత్రం అక్కే తిప్పుకోవాలన్నాడు. కాసిమాలి ఏ శబ్దానికి అలవాటు పడ్డాడో ఆమెకే తెలుసు.

ఆ మధ్యాహ్నం ఆయన నిద్రపోతుంటే అక్క ఒకే పాటను టేపులోనూ డిస్కులోనూ కలిపి మొదలుపెట్టింది. నన్ను యాంప్లిఫయర్ మీద ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చే మీట దగ్గర కూర్చోబెట్టి, తను గోడవైపు తిరిగింది. నేను ఒకసారి దీన్నీ ఒకసారి దాన్నీ వినిపించాలి. కాస్త పెద్దగా వినిపించేదే మంచిదనిపిస్తుందని, ఆ మాయలో పడకూడదని అంది. మర కొంచెం తిప్పడం, మళ్లీ వినడం. ఏది ఏదో ఆమె చెప్పలేకపోయేదాకా వదల్లేదు.

మర్నాడు పొద్దున కూడా రెండూ కలిపి తిప్పి, ముందు టేపే వినిపించాం. ఆయన చాలాసేపు విన్నాడు. అక్క ఒక్కతే పాడుతోంది. రెండో చరణంలో ఆయన గొంతు సన్నగా కలిసింది. చరణం చివర అక్క తల ఊపింది. నేను డిస్కువైపు తిప్పాను. భయంతో అక్క గొంతు ఆగిపోయింది. ఆయన గొంతు ఆగలేదు. పాట అయ్యేదాకా పాడి, భార్యవైపు తిరిగాడు.

"ముసలీ... ఎందుకు... ఆగావ్?"

ఆ మూడు మాటలూ ఏ పాటలోనివీ కావు.

"టీ ఆకు అడ్డం పడింది," అంది అక్క, తలగుడ్డ కొసతో ముఖం తుడుచుకుంటూ.

ఆ పూటే ఆమె పిండి ముద్దలతో బోర్సోక్‌లు వేయించి, వేడిగా మూటగట్టి జుమాకదిర్ కొట్టుకు తీసుకెళ్లింది. రెండు అరచేతులూ చాచి, అతని చేతులు చల్లగా ఉండాలని, అతని ఇంట్లో ఎవరి గొంతూ ఆగకూడదని దీవించింది. అతను కూడా తన అరచేతులు చాచి అందుకున్నాడు. అల్లుడికీ కూతురికీ, మీట తిప్పినందుకు నాకూ ఆ దీవెనలో వాటా దక్కింది.

కాసిమాలి ఇప్పుడు వీధి చివరి దుకాణానికి ఒక్కడే వెళ్లి, రొట్టె కావాలని నోటితో అడిగి తెస్తాడు.