నేను మానింది తాగుడు కాదు

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, మిగతాది చెప్పకముందే ఒక మాట తెగేసి చెప్పనివ్వండి, నేను నా జీవితంలో ఒక్క చుక్క సారాయి గాని బీరు గాని నోట పెట్టినవాడిని కాను, బ్రాందీ కలిపారేమోనన్న అనుమానంతో క్రిస్మస్ కేకు కూడా వద్దన్నవాడిని, అయినా పోయిన సంవత్సరం తమిళనాడులోని మా రాజపాళయం బస్టాండు నుండి మా మగ్గాల వీధి వరకు నన్ను చూసిన ప్రతివాడూ తాగి కూతుర్ని కొట్టిన మనిషి ఇతనే అనుకున్నాడు. ఎందుకంటే టీవీలో చెప్పారు. ఆ కాలమంతా నా కడుపులో నిప్పు పెట్టుకుని తిరిగాను. ఆ నిప్పు నుండి దేవుడు నన్ను ఎలా బయటికి లాగాడో, లాగేటప్పుడు నా చేతిలో ఏముందో చెప్పడానికే మన సంఘ పత్రికకు ఇది రాస్తున్నాను.

నా పేరు జ్ఞానయ్య. పవర్‌లూమ్ మీద బ్యాండేజ్ బట్ట నేస్తాను, ఆస్పత్రిలో మీ గాయానికి చుట్టే తెల్లని పలుచని గుడ్డ మా ఊరి నుండే వచ్చి ఉండవచ్చు. ఎనిమిదో తరగతితో నా చదువు ఆగింది, అదీ తమిళంలో. ఇంట్లో తెలుగే మాట్లాడతాం గాని మాకు అక్షరాలు నేర్పినవాళ్లు లేరు. ముప్పై ఏళ్ల వయసులో మా ఊరి గ్రంథాలయంలో ఒక మూల అలమారలో దుమ్ము పట్టిన తెలుగు పుస్తకాలు కనబడితే, పిల్లల వాచకం ముందు పెట్టుకుని, తమిళ అక్షరం పక్కన తెలుగు అక్షరం రాసుకుంటూ ఒంటరిగా నేర్చుకున్నాను! ఆ తర్వాత ఆగలేదు. పత్తి పురుగుల గురించి, నక్షత్రాల గురించి, కోర్టుల్లో సాక్ష్యం ఎలా చెప్పాలో దాని గురించి, ఆఖరికి నిఘంటువు కూడా మొదటి నుండి చివరి దాకా చదివాను. మగ్గం దగ్గర నన్ను ప్రొఫెసర్ అని పిలిచేవారు, అది ఎగతాళి అని నాకు చాలా ఏళ్లు తెలియలేదు.

ఆ నిఘంటువులోనే చూశాను, అక్షి అంటే కన్ను. సాక్షి అంటే కళ్లారా చూసినవాడు. ఈ అర్థాన్ని సంఘంలో ఎంతమందికి వివరించి చెప్పానో లెక్కలేదు.

మాకు ఒక్కతే కూతురు, మెర్సీ. పొడుగ్గా పెరిగింది, నడిస్తే నలుగురూ తిరిగి చూసేవారు. చెన్నైలో ఒక టీవీ వాళ్లు మోడళ్లు కావాలనుకునే ఆడపిల్లల్ని పన్నెండుమందిని ఏరి, ఒక ఇంట్లో పెట్టి, వారం వారం కొత్త బట్టలు తొడిగి నడిపించి, ఫొటోలు తీసి, వారానికి ఒకరిని పెట్టె సర్దుకోమని పంపేసే పోటీ పెట్టారు. మెర్సీ దానికి ఎంపికయింది. వెళ్లమంటారా అని నన్ను అడిగిందట, నేను సరే అన్నానట. ఈ 'అట' ఎందుకో తర్వాత చెబుతాను. సంఘంలో కొందరు మొహం ముడుచుకున్నారు గాని నాకు తప్పు కనబడలేదు, నేసేవాడు ఉన్నాక తొడుక్కుని నడిచేవాళ్లు ఉండవద్దా?

నాలుగో వారం పోటీ ఏమిటంటే, ఎవరి ఊరిలో తయారయ్యే వస్తువుతో వాళ్లు ఉడుపు కుట్టించుకుని నడవాలి. మా అమ్మాయికి బ్యాండేజ్ బట్ట కావాలని టీవీ ఆఫీసు నుండి ఫోను వచ్చింది. సహోదరులారా, నేను మూడు రోజులు ఆ మగ్గం వదిలిపెట్టలేదు. నూలు తెగి ముడి వేసిన చోటు ఒక్కటి కూడా లేకుండా ముప్పై మీటర్లు నేసి, చలవ చేయించి, నా చేతులతోనే మడిచి బస్సు పార్సెల్‌లో పంపాను. నా కూతురు నా బట్ట కట్టుకుని తమిళనాడంతా చూస్తుండగా నడుస్తుంది! ఆదివారం సాయంత్రం ప్రసారమని చుట్టుపక్కల వాళ్లందరినీ, మా పాస్టరుగారి కుటుంబాన్ని కూడా ఇంటికి పిలిచాను.

మెర్సీ వచ్చింది. ఆ బట్టను కుచ్చిళ్లు కుచ్చిళ్లుగా కుట్టారు, పొగమంచు నడిచి వచ్చినట్టుంది. నేను లేచి నిలబడిపోయాను. అంతలో పాట ఆగింది, వయొలిన్ మొదలైంది, మీ ఇంటి కష్టం చెప్పమ్మా అన్నారు. మెర్సీ తల దించుకుని తమిళంలో చెప్పింది. మా నాన్న పని నుండి రాగానే మూల కుర్చీలో కూర్చుంటాడు, చేతిలో బాటిల్, ఎవరు పిలిచినా తల ఎత్తడు, మధ్యలో పలకరిస్తే మీదికి వస్తాడు. అంతే చెప్పింది. వెంటనే వెనక నుండి ఒక మగగొంతు, ఈమె ఈరోజు కట్టుకున్నది తండ్రి చేసిన గాయాలకు ఒకప్పుడు చుట్టిన బట్టే అంది! న్యాయనిర్ణేతలు కళ్లు తుడుచుకున్నారు. ఆ వారం ఎక్కువ మార్కులు ఆమెకే.

పాస్టరుగారు ఫ్యాను వంక చూస్తున్నారు. ఒక్కొక్కరే లేచి చెప్పులు వేసుకున్నారు.

ఆ టీవీ వాళ్లలో ఒక్కడైనా మా ఇంటికి వచ్చి చూశాడా? మా వీధి పేరు తెలుసా? ఎవడికో కన్నీళ్లు కావాలి గనుక, ముడి లేకుండా నేసి పంపిన నా బట్టనే నా మీద కప్పి చూపించారు! పది ఆజ్ఞల్లో తొమ్మిదోది వాళ్లకు ఎవరూ నేర్పలేదా? అబద్ధసాక్ష్యం చెప్పినవాడికి పూర్వం వేసే శిక్షలన్నీ పుస్తకాల్లో వెదికి చదువుకున్నాను, చదివి సంతోషించాను కూడా. చెన్నైకి నాలుగు పేజీల ఉత్తరం రాశాను, ఒక్కొక్క అబద్ధానికి ఒక్కొక్క అంకె వేసి. రెండు వాక్యాల జవాబు వచ్చింది, మీ కూతురు సంతకం చేసిన కాగితం మా దగ్గర ఉంది అని.

మగ్గం దగ్గర ఒకాయన నన్ను చూడగానే, "ఏమి ప్రొఫెసరూ, నిన్న ఎన్ని పేజీలు తాగినావు?" అన్నాడు. అందరూ నవ్వారు. షేర్ ఆటోలో నా పక్కన కూర్చున్న ఆడవాళ్లు సంచి మధ్యలో పెట్టుకునేవారు.

ఇంకో రెండు వారాలకు మెర్సీని కూడా పెట్టె సర్దుకోమన్నారు. ఆమె ఇంటికి రాలేదు, చెన్నైలోనే హాస్టల్లో ఉండిపోయింది. ఆమె గడప తొక్కితే నేను తొక్కనని నా భార్య కమలకు చెప్పేశాను. ఐదు నెలలు ఆమె ఫోను చేస్తే నేను వీధిలోకి వెళ్లిపోయాను. ఆరాధనలో అందరూ కలిసి ప్రార్థన చెప్పేటప్పుడు, మాకు తప్పు చేసినవాళ్లను మేము క్షమించినట్టు అనే మాట దగ్గర నా పెదవులు మాత్రమే కదిలేవి. సహోదరులారా, అది మరణం. తినేవాడిని, నేసేవాడిని, చదివేవాడిని, చచ్చిపోయి ఉన్నాను.

అప్పుడు ఒక శనివారం ఉదయం తళవాయిపురం నుండి ఐజక్ అనే సువార్తికుడు బైకు మీద వచ్చాడు. మంచివాడు, వయసులో నాకంటే చాలా చిన్న. మూడు రోజుల ప్రార్థన కూటాలు పెట్టారట, రెండో రోజు నా సాక్ష్యం కావాలట.

"ఏమి సాక్ష్యం తమ్ముడూ?" అన్నాను.

"తాగుడు నుంచి విడుదల అన్నా."

"నేను తాగలేదు."

"అదే అన్నా. ఇప్పుడు తాగేది లేదు గదా, అదే చెప్పండి, సాలు."

"ఎప్పుడూ తాగలేదు తమ్ముడూ."

అతను నా వైపు వంగి, మెల్లగా, "కొంచెమైనా?" అన్నాడు.

నోటీసులు అచ్చయిపోయాయట, నాలుగు ఆత్మలు మారితే మంచిదే కదా అన్నాడు. నాకు ఒళ్లంతా మండిపోయింది. టీవీ వాడు సరే, దేవుని సేవకుడు కూడానా! వంటింట్లో చిక్కుడుకాయలు తుంచుతున్న నా భార్యను పిలిచాను. "కమలా, ఇట్లా రా. ఇరవై అయిదేండ్లు కండ్లారా చూసినావు, సాక్షివి నువ్వే. చెప్పు ఈ తమ్మునికి."

ఆమె చిక్కుడుకాయ చేతిలో పట్టుకునే వచ్చింది. "తాగలేదు ఐజక్కూ," అంది. "మా ఇంటాయన వాసన కూడా చూడలేదు."

నేను ఐజక్ వంక గర్వంగా చూశాను. అప్పుడు ఆమె నా వైపు తిరిగింది.

"తాగినవాడైనా మత్తు దిగినంక బిడ్డను పేరు పెట్టి పిలుస్తాడు, మెర్సీ నాయనా. మీరు పుస్తకం దించితే గదా."

ఐజక్ లేచి బైకు చూసుకోవడానికి బయటికి వెళ్లాడు.

ఐదు నెలలు నేను విననన్నది కమల ఆ పూట నిలబడి చెప్పింది. ఇంటి కష్టం చెప్పమని టీవీ వాళ్లు అడిగితే, మా ఇంట్లో తిండికి బట్టకు లోటు లేదు సార్, కష్టమేమీ లేదు అందట మెర్సీ. అందరికీ ఏదో ఉంటుంది, బాగా ఆలోచించు అన్నారట. అప్పుడు చెప్పిందట, మా నాయన చేతిలో ఎప్పుడూ పుస్తకమే, పిలిచినా తల ఎత్తరు అని. చెబుతూ నిజంగానే ఏడ్చిందట. కన్నీళ్లు బాగా వచ్చాయి గాని పుస్తకానికి ఎవరూ ఏడవరు, పుస్తకం అన్నచోట బాటిల్ పెట్టు, మిగతాదంతా అట్లాగే ఉంచు అన్నాడట ఆ అడిగినవాళ్లలో ఒకడు. ఆరుసార్లు ఆమె నోటికి పుస్తకమనే వచ్చిందట. ఏడోసారి బాటిల్ అని వచ్చింది. కొట్టాడన్న మాట ఆమె అననే లేదు, అది వాళ్లు తర్వాత అతికించుకున్నారు. తీసేయండి సార్ అని బతిమాలితే సంతకం చూపించారట.

మిగతాదంతా అట్లాగే ఉంచు! ఈ మాట నన్ను పట్టుకుంది. నేను ఆ వాక్యాల్ని నా ఉత్తరంలో అంకెలు వేసినట్టే మళ్లీ వరసగా పెట్టుకున్నాను. పని నుండి రాగానే మూల కుర్చీలో కూర్చుంటాడు, నిజం. ఎవరు పిలిచినా తల ఎత్తడు, నిజం. మధ్యలో పలకరిస్తే మీదికి వస్తాడు, అయ్యో, నిజం! నా కూతురి సాక్ష్యంలో అబద్ధం ఒక్క మాటే.

కమల ఇంకొకటి చెప్పింది. పోటీకి ఎంపికయిన రోజు మెర్సీ ఫోను చేతిలో పట్టుకుని నా కుర్చీ పక్కన నిలబడిందట. ఉండమన్నట్టు నేను ఒక వేలు ఎత్తానట. పేజీ అయ్యేదాకా నిలబడిందట. నేను పేజీ తిప్పానట. నిలబడే అడిగింది, నేను సరే అన్నాను. సహోదరులారా, అది నక్షత్రాల పుస్తకం. ఆ పేజీలో చనిపోయిన నక్షత్రం వెలుగు మన దాకా ఎలా వస్తుందో రాసి ఉంది, ఇప్పటికీ అప్పజెప్పగలను. నా బిడ్డ ఆరోజు ఏ రంగు బట్ట కట్టుకుందో నాకు తెలియదు.

ఆ మూల కుర్చీ ముందే మోకరించాను. నా ప్రార్థన ఇంతే. "ప్రభువా, నా పేరు చెడగొట్టినవాళ్ల మీద ఫిర్యాదు తెచ్చినాను. ఫిర్యాదు నా చేతిలో ఉండగానే నువ్వు నన్నే అడిగినావు. కండ్లారా చూసినవాడు సాక్షి అని ఊరంతా చెప్పినాను, నా ఇంట్లో నా బిడ్డను చూడలేదు. ఆ వేలు మళ్లీ ఎత్తనీయకు తండ్రీ. నాకు కండ్లు ఇయ్యి." ఐదు నెలల నిప్పు అప్పుడు దిగడం మొదలుపెట్టింది. దేవునికే మహిమ! ఒక్క ఊపులో ఆరిపోయిందని చెబితే అది కూడా టీవీ సాక్ష్యమే అవుతుంది, అలా చెప్పను.

ఫోను చేశాను. "మెర్సీ, తిన్నావా అమ్మా?" అన్నాను. ఏడ్చింది. ఏడవనిచ్చి, "బాటిల్ అన్నది తప్పు. మిగతాది నిజం. ఇంటికి రా," అన్నాను.

చెన్నై బస్సు కోసం స్టాండులో నిలబడ్డాను, చేతిలో పుస్తకం లేకుండా. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. దిగిన మెర్సీ సగమైపోయి ఉంది, ఆ ఇంట్లో సరిగా తిననిచ్చినట్టు లేదు, దానికి వేరే కోపం ఉంది నాకు. ఎడమ కనుబొమ్మ మీద తెల్లని మచ్చ కనబడింది. ఆ పోటీలో తగిలిందేమోనని, "ఇది ఎప్పుడు తగిలింది?" అన్నాను.

"ఆరో తరగతిలో, నాయనా. బడి మెట్ల మీద పడినాను. అమ్మ కట్టు కట్టింది." ఆగి అంది, "మీ బట్టే."

తళవాయిపురం కూటంలో రెండో రోజు లేచి నిలబడ్డాను. తాగుబోతు కథ కోసం వచ్చినవాళ్లు ముందు వరుసలో సర్దుకుని కూర్చున్నారు. నేను తాగలేదు అన్నాను, పైన రాసిందంతా చెప్పాను. కొందరికి నిరాశగానే ఉండి ఉంటుంది. నేను కూర్చున్నాక ఆడవాళ్ల వైపు నుండి మెర్సీ లేచింది, ఎవరూ పిలవలేదు. "టీవీలో నేను అబద్ధసాక్ష్యం చెప్పినాను. మా నాయన తాగరు," అని, ఇంకేమీ అనకుండా కూర్చుంది. ఐజక్ పాట ఎత్తుకోబోయి, మైకు పక్కన పెట్టేశాడు.

టీవీ వాళ్ల మీద నా మాట మారలేదు. క్షమించే మాట ఇప్పుడు గొంతు విప్పి చెబుతున్నాను గాని, రెండో ఉత్తరం కూడా రాశాను, మెర్సీ సంతకంతో. జవాబు లేదు. ఇంకో పన్నెండుమంది పిల్లలతో పోటీ మళ్లీ మొదలుపెట్టారు. అది అన్యాయం, దేవుడు చూస్తున్నాడు, ఆయనే నిజమైన సాక్షి. మీ పిల్లల్ని ఎవరైనా ఒక కన్నీటి కథ తెమ్మని అడిగితే లేచి వచ్చేయమనండి. ఆ కథ మీ ఇంట్లో ముందే ఉందేమో, అదీ చూసుకోండి.

నేను చదవడం మానలేదు, చదువు దేవుడిచ్చిన వరమే. నేను మానింది ఆ వేలు ఎత్తడం. నా బలంతో కాదు, ఇన్నేళ్లు నేను వేలు ఎత్తి నిలబెట్టినా విసుక్కోకుండా నా పక్కన కాచుకున్న ప్రభువు బలంతో. ఆయనకు స్తోత్రం. ఆయన్ని నమ్మండి సహోదరులారా, ఆయన మీ పక్కన కూడా నిలబడి ఉన్నాడు. ఈ పత్రిక మీరు చదువుతుండగా మీ పక్కన ఇంకెవరైనా వచ్చి నిలబడి ఉంటే, నా సాక్ష్యం ఇంకో వాక్యం మిగిలి ఉన్నా ఫరవాలేదు, ఇక్కడే ఆపి తల ఎత్తండి.