ముందుకు జరగని సీటు

కళ్లద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసే ఆవిడకు వెంట్రుకవాసి తేడా కూడా ఇట్టే తెలిసిపోతుంది. అంతటి మనిషీ తన ఇంటి షెడ్డులో ఉన్న కారు వైపు మాత్రం నాలుగేళ్లుగా కన్నెత్తి చూడలేదు. అది భర్త నడిపిన కారు. ఆయన జబ్బుచేసి పోయాక షెడ్డుకు తాళం పడింది. కారు అమ్మేయమని చెప్పని చుట్టం లేడు. చుట్టాలకేం, నోరు తెరిస్తే సలహా!

ఇప్పుడు అత్తగారికి పక్షవాతం వచ్చి ఎడమ కాలు పడిపోయింది. మానకుండా ఆసుపత్రికి తెచ్చి కసరత్తు చేయిస్తే మళ్లీ నడుస్తుందనీ, అశ్రద్ధ చేస్తే ఇక మంచమే గతి అనీ డాక్టరు తేల్చి చెప్పాడు. ఆవిడ బస్సెక్కలేదు. బాడుగ కారువాడు ఒకరోజు వస్తే రెండు రోజులు ముఖం చాటేస్తున్నాడు. కోడలికి డ్రైవింగు వచ్చు. అందుకని గుండె రాయి చేసుకుని తాళం తీసింది.

వీధి చివరి ముసలి మెకానిక్కుని పిలిచింది.

"ఒక్కసారి స్టార్టు చేయండి బాబాయ్, ఆ చప్పుడు విని ఎన్నాళ్లయిందో."

"చప్పుడు తర్వాత విందువుగాని అమ్మాయ్. ఆగుతుందో లేదో తెలియని బండిని కదిలిస్తారా ఎవరైనా?"

ముందు బ్రేకులు విప్పాడు. తుప్పు పట్టి బిగుసుకుపోయిన వాటిని మార్చాడు. చెడిపోయిన పాత పెట్రోలు తోడేశాడు. ఎలుకలు కొరికిన వైర్లు మార్చాడు. పైకి నిగనిగలాడే టైర్ల పక్కలు నెర్రెలిచ్చాయని వాటినీ పీకేసి కొత్తవి బిగించాడు. భర్త ఆఖరిసారి పోయించిన పెట్రోలు డబ్బాలోకి కారిపోతుంటే ఆవిడ పళ్ల బిగువున చూస్తూ నిలబడింది. దేనికీ అడ్డు చెప్పలేదు.

"ఆ డ్రైవరు సీటు జోలికి మాత్రం వెళ్లకండి" అంది.

సీటు కవరు గురించి కాబోలనుకుని మెకానిక్కు తలూపాడు.

ఖాళీ గోదాము ఆవరణలో ఆవిడే నడిపి చూసింది. బ్రేకు తొక్కింది. బండి ఆగాల్సిన చోట ఆగకుండా వెళ్లి ఇసుక బస్తాలను గుద్దుకుంది. మెకానిక్కు ముఖంలో నెత్తురుచుక్క లేదు. తన చేతిపనిలోనే లోపం ఉందనుకుని చక్రాలన్నీ మళ్లీ విప్పాడు. ఏమీ దొరకలేదు. తాను నడిపితే బండి బుద్ధిగా ఆగింది. తల గోక్కుంటూ ఆవిణ్ణి మళ్లీ ఎక్కమన్నాడు. అప్పుడు కనపడింది, ఆవిడ వీపు వెనక లావుపాటి దిండు.

ఆవిడ భర్త పొడగరి. సీటు చివరిదాకా వెనక్కి నెట్టి ఉంది. ఈవిడేమో పొట్టి. సీటు కదపడం ఇష్టంలేక ఇంట్లోంచి దిండు తెచ్చుకుని, ఎక్కినప్పుడు పెట్టుకుంటూ దిగినప్పుడు తీసేస్తోంది.

"నువ్వు బ్రేకు మీద వేసే బలమంతా ఈ దిండు మింగేస్తోందమ్మా. పాదం కిందికి దిగట్లేదు, నువ్వే వెనక్కి దిగిపోతున్నావు."

"ఆయన కూర్చున్నట్టే ఉంది బాబాయ్, ఇప్పటికీ. అదొక్కటీ ఉండనివ్వండి."

"వెనక మీ అత్తని కూర్చోబెట్టుకుని గోడకి గుద్దుతావా?"

అని మాత్రం అన్నాడు, సీటు మీద చెయ్యి వేయలేదు. చివరికి ఆవిడే వంగి కింద ఉన్న కడ్డీ లాగింది. సీటు కీచుమంటూ ముందుకు జరిగింది. స్టీరింగు మీద తల వాల్చి, అక్కడ ఒక మనిషి ఉన్నాడన్నది కూడా మరిచి, భోరున ఏడ్చింది.

మర్నాడు అత్తగారిని వెనక కూర్చోబెట్టింది. పెద్దావిడ ముందు సీటునే చూస్తోంది.

"జరిపావా?"

"జరిపానత్తయ్యా. లేకపోతే బ్రేకు అందదు."

"వాడు నడిపితే నా మోకాళ్లు ఆ సీటుకి నలిగిపోయేవి. ముందుకు జరగరా వెధవా అని దారి పొడవునా తిట్టేదాన్ని. ఒక్కనాడూ జరగలేదు."

కోడలు వెనక్కి తిరగడానికి భయపడింది. అద్దంలో చూసింది. అత్తగారు కళ్లు తుడుచుకుని, పడిపోయిన కాలిని రెండు చేతులా ఎత్తి, కొడుకు వల్ల ఎన్నడూ దొరకని ఆ చోటులోకి చాపుకుంది.

"పద, డాక్టరు వెళ్లిపోతాడు" అంది.